తొప్పూరు కనుమ మీద ఆగిన విమానం

ధర్మపురి బస్టాండులో తంగవేల్ టీకొట్టుకు పొద్దున పూట జనం టీ కోసం వస్తారు, మధ్యాహ్నం పూట కృష్ణప్ప కోసం వస్తారు. బెంగుళూరులో ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేసి, పందొమ్మిది వందల ఎనభై అయిదులో రిటైరై సొంతూరు చేరిన మనిషి ఆయన. విమానం పైలట్. కెప్టెన్. ఊళ్ళో అందరూ అనేది ఈ మాటే, ఆయన చెప్పుకునేదీ ఈ మాటే.

అసలు సంగతి మనలో మనం అనుకోవాలి. కృష్ణప్ప విమానం నడపలేదు. నడపడం అటుంచి, ఎక్కను కూడా ఎక్కలేదు. ఉద్యోగం బెంగుళూరు విమానాశ్రయంలోనే, కాకపోతే నేల మీద. ఊరికి వచ్చిన మొదటి రోజు టీకొట్టులో ఎవరో "విమానాల్లో పనా?" అని అడిగితే అవునన్నాడు. అందులో అబద్ధం లేదు. రెండో రోజు "మీరే తోలతారా?" అని అడిగితే కాదనడానికి నోరు రాలేదు. మూడో రోజు తంగవేల్ గ్లాసు కడుగుతూ "కెప్టెన్ సారుకు ఒక స్ట్రాంగ్!" అని బస్టాండంతా వినబడేలా కేక పెట్టాడు. అంత ఎత్తుకు ఎక్కించాక మనిషన్నవాడు తనంతట తాను ఎలా దిగుతాడు?

ఏడాది పాటు బాగానే జరిగింది. ఒక బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు రాఘవన్ వచ్చాడు, దాంతో కృష్ణప్పకు గండం వచ్చిపడింది.

రాఘవన్‌ది చింతపండు మండీ. కృష్ణప్పకు వరసకు బావమరిది. ఎవరేం చెప్పినా నమ్మే మంచి మనిషి. ఆయన కూతురు కణ్ణగి మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బులో రెండేళ్ళు చిన్న విమానాల మీద నేర్చుకుని పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. సర్కారు విమాన కంపెనీవాళ్ళు పేపర్లో ప్రకటన వేస్తే రాత పరీక్ష రాసి గట్టెక్కింది. రేపు పొద్దున పదింటికి మద్రాసులో ఇంటర్వ్యూ. మొరప్పూరు పోయే బస్సు మూడున్నరకు ఉంది, అక్కడ రైలు అందుకోవాలి. ఆ బస్సు తప్పితే రైలు తప్పుతుంది, రైలు తప్పితే ఇంటర్వ్యూ తప్పుతుంది.

పిల్ల చేతిలో పెట్టె ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బావా, ఇది పెట్టె సర్దుకొని బయల్దేరింది, నేనే ఆపినాను," అంటూ రాఘవన్ బెంచీ మీద కూలబడ్డాడు. "ఇరవై ఉద్యోగాలకు మూడు నూర్ల మంది అంట. ఒకవేళ వచ్చినా బొంబాయికో కలకత్తాకో తోలేస్తారు. పోయిన వారం నువ్వు ఈ బెంచీ మీదనే చెప్పినావు కదా, ఇంటర్వ్యూలన్నీ దిక్కులేనోళ్ళకని, నీ చిట్టీ ఒకటి పోతే చార్టర్ కంపెనీవాళ్ళు సాయంత్రానికల్లా పాపను సీట్లో కూర్చోబెడతారని. బెంగుళూరైతే హోసూరు దాటినామంటే ఇల్లే. ఇదిగో కాగితం, ఇదిగో పెన్ను. రాసియ్యి బావా."

కృష్ణప్ప తాగబోయిన టీ బెంచీ మీద పెట్టేశాడు.

"మామ ఒక్కమాట సరే అంటే నేను మద్రాసుకు పోను," అంది కణ్ణగి. "నాయనకు మాటిచ్చినాను. కానీ మామ నోటితోనే వినాల."

చిట్టీ రాస్తే బెంగుళూరులో దాన్ని తీసుకునే నాథుడు లేడు. పిల్ల రెండు విధాలా చెడుతుంది. నిజం చెప్తే ఈ బస్టాండులో రేపటి నుంచి తల ఎత్తలేడు. చివరికి ఒక ఉపాయం తట్టింది: చార్టర్ ఉద్యోగం మీద రాఘవన్‌కే విరక్తి పుట్టిస్తే సరి, చిట్టీ అడగడం తనే మానేస్తాడు. కాగితం మడిచి తొడ కింద పెట్టుకుని మొదలుపెట్టాడు.

"రాస్తాను, రాసేదానికేమి. కానీ రాఘవా, ముందు చార్టరంటే ఏందో తెలుసుకో. సర్కారు విమానముందే, అది మన సేలం పోయే రూట్ బస్సు మాదిరి. టైము టైముకు బయల్దేరుతాది, ముగ్గురెక్కినా పోతాది, ముప్పైమంది పరిగెత్తుకొని వస్తా ఉన్నా పోతాది. చార్టరు అట్ల కాదు, పెండ్లికి మాట్లాడుకున్న వ్యాను. పార్టీ యాడికి పొమ్మంటే ఆడికి, ఎప్పుడు రమ్మంటే అప్పుడు. ఒకసారి ఏమైందో తెలుసా? కోయంబత్తూరు మిల్లు ఓనరొకాయన్ను ఎక్కించుకొని బెంగుళూరులో లేచినాను, సగం దూరం పోయినాక ఆయన గొడుగు మరిచిపోయినానన్నాడు. తిప్పు అన్నాడు. తిప్పినాను. గొడుగు తెచ్చినాను, మళ్ళీ లేచినాను. ఈసారి కండ్లద్దాలు! ఏడుసార్లు తిప్పినాను రాఘవా, ఎనిమిదోసారి ఆయనకు ఎందుకు పోతా ఉండాడో అదే మరుపొచ్చి ఇంటికి పోయినాడు. పెట్టెలు మొయ్యాల్సింది నేనే, కాఫీ ఇయ్యాల్సింది నేనే, రెక్కల మీద దుమ్ము తుడవాల్సింది నేనే. పాపకు ఇవన్నీ ఎందుకు చెప్పు?"

"అయ్యో, ఇంతేనా?" అన్నాడు రాఘవన్ నిశ్చింతగా. "మా ఇంట్లో పెండ్లికి పెట్టెలన్నీ అదే మోసింది. రాయి బావా."

బెంచీ పక్కన గంపలో కనకాంబరాలు పెట్టుకుని మాల కడుతున్న మునియమ్మాళ్ "దేవుడా, ఏడుసార్లా!" అంది. తంగవేల్ "అప్పిడియా? అట్లనా?" అని నోరు తెరిచాడు. ఒక్కరూ కాదనలేదు.

గొడుగుతో లాభం లేదని కృష్ణప్పకు అర్థమైంది. ఇంకా పెద్దది వదలాలి. వీళ్ళలో ఒక్కడైనా 'ఛీ, అబద్ధం' అంటే చాలు, ఆ ఊపున అంతా నవ్వులాటకే అన్నానని లేచి పోవచ్చు. జీవితంలో మొదటిసారి ఆయన తన మాట ఎవరూ నమ్మకూడదని మొక్కుకున్నాడు.

"సరే, ఇది విను. బెంగుళూరు నుంచి మదురైకి ఒక పెండ్లి పార్టీ. శుక్రవారం. పెండ్లికొడుకు, ఆయన మేళతాళం, మేనత్తలే పదకొండుమంది. పదింబావుకు లేచినాను. మన తొప్పూరు కనుమ మీదికి వచ్చినాము, పెద్ద మేనత్త వెనక నుంచి ఒకటే అరుపు, 'నిలుపు, నిలుపు, పదిన్నరయింది, రాహుకాలం పట్టింది, రాహుకాలంలో పెండ్లికొడుకు గడప దాటకూడదు' అని. అమ్మా గడప దాటి చాలాసేపైంది, ఇప్పుడు మేఘం దాటతా ఉండాము అన్నాను. వినదే! చార్టర్ పైలట్టు పార్టీ మాట కాదంటాడా? నిలిపేసినాను."

"ఆకాశంలోనా?" అంది మునియమ్మాళ్, చేతిలో పువ్వు చేతిలోనే ఉండగా.

"ఆకాశంలోనే. తొప్పూరు గాలి ఎట్లుంటాదో మీకు నేను చెప్పాల్నా, లారీలనే పక్కకు నెడతాది. ఆ గాలికి ఎదురు పెట్టినాను, గాలి ఎంత తోస్తే ఇంజను అంత ముందుకు లాగేటట్టు, ఒక జానెడు అటు లేదు, జానెడు ఇటు లేదు. ఎవురన్నా వచ్చి గుద్దుకుంటారని పట్టపగలే దీపాలేసినాను. అబ్బా, ఆ నిలబడింది చూడు రాఘవా, ముక్కు రవంత పైకెత్తుకొని, కడుపు కింద చక్రాలు వేలాడేసుకొని, ఎర్ర దీపం నా కుడి చేతి పక్క, పచ్చ దీపం ఎడమ చేతి పక్క, చూసేదానికి రెండు కండ్లు చాలవు! కాసేపటికి పెట్రోలు దండగని ఇంజను కూడా ఆపేసినాను."

"ఇంజను ఆపినాక పడలేదా సార్?" తంగవేల్ అడిగాడు.

కృష్ణప్ప ప్రాణం లేచొచ్చింది. "అదే కదా! ఎట్ల పడకుండా ఉంటాదో నువ్వే చెప్పు తంగవేలూ!"

"గాలి ఉండాది కదా సార్," అన్నాడు తంగవేల్ తనకు తనే సర్దిచెప్పుకుంటూ. "తొప్పూరు గాలి."

"తొప్పూరు గాలే," అని రాఘవన్ తల ఊపాడు.

కృష్ణప్ప నీరుకారిపోయాడు. అయినా నాలుక ఒకసారి లేచాక దిగేది కాదు. "గంటన్నర నిలబడినామప్పా. మేనత్తలు పులిహోర విప్పి తిన్నారు. ఇంతలో పక్క నుంచి సర్కారు విమానం వచ్చింది. దాని కెప్టెను కిటికీలో నుంచి చెయ్యి బయట పెట్టి, ఏమప్పా రిపేరా అన్నాడు. రాహుకాలం అన్నాను. మా టైంటేబిల్లో రాహుకాలం లేదప్పా అని ఏడుస్తా పోయినాడు. ఆయన బాధ ఆయనది, మన బాధ మనది. ఇప్పుడు చెప్పు, పాప ఇట్ల గంటలు గంటలు ఆకాశంలో నిలబడగలదా?"

"నిలబడతాది," అన్నాడు రాఘవన్ గర్వంగా. "చిన్నప్పుడు బళ్ళో అయ్యవారు బెంచీ మీద నిలబెడితే పూటంతా నిలబడేది."

కణ్ణగి గడియారం చూసుకుంది. మూడు దాటి అయిదు నిమిషాలు. ఆమె కృష్ణప్ప ముఖాన్నే చూస్తూ ఉంది. ఆ చూపు ఆయనకు ముల్లులా తగిలింది. పిల్ల ఏడుపు ఆపుకుంటోందని, అది తన మూలంగానేనని తెలిసి మనసు చివుక్కుమంది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అంతలో ఎవరో బస్సు దిగినవాళ్ళు "కెప్టెన్ సార్, వణక్కం" అంటూ పోయారు. నిజం వెనక్కి పోయింది.

"ఇంటర్వ్యూ లేదు అనుకుంటా ఉండారు కదా చార్టర్లో? నన్ను చేర్చుకున్న దినం చెప్తాను వినండి," అన్నాడు గొంతు హెచ్చించి. "సర్కారువాళ్ళు ఏం చేస్తారు? రాత పరీక్ష పెడతారు, కండ్లు చూస్తారు, చెవులు చూస్తారు, నలుగురు పెద్దమనుషులు బల్ల వెనక కూర్చొని నాలుగు ప్రశ్నలడుగుతారు. అంతే. చార్టర్ ఓనరు ఏం చేసినాడో తెలుసా? నురగ తేలే కాఫీ లోటా విమానం ముక్కు మీద పెట్టినాడు. పల్టీ కొట్టు, ఒక్క చుక్క ఒలికితే ఇంటికి పో అన్నాడు. మూడు పల్టీలు కొట్టినాను. చుక్క కాదు, నురగ చెదరలేదు. మూడో పల్టీలో ఇంజను ఊడి కింద పడిపోయింది."

"అమ్మా!" అంది మునియమ్మాళ్.

"ఊడిపోతే ఏమి? కింద చూస్తే మన మారండహళ్ళి. టమోటా చేలో దించినాను. గట్టు మీద రైతు ఆయిల్ ఇంజను పెట్టి బావిలో నీళ్ళు తోడతా ఉండాడు. అన్నా, సాయంత్రం దాకా ఇది బాడుగకిస్తావా అన్నాను. కొబ్బరి తాడుతో ముక్కుకు కట్టినాను, తిప్పినాను, దుగ్ దుగ్ దుగ్ అని లేచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పంపు తీసేది మరిచిపోయినాను! బావిలో నీళ్ళు పైపులో ఉండాయి కదా, దారి పొడవునా ఒకటే వాన. ఎండిపోయిన చేలంతా తడిసింది. ఎదురుగా సూర్యుడు, ఎర్ర దీపం నా కుడి పక్క ధగధగ, పచ్చది ఎడమ పక్క ధగధగ, నడిమిట్ల దుగ్ దుగ్‌మని ఇంజను!" ఇక్కడ ఊపిరి తీసుకుని ఆశగా రాఘవన్ వైపు చూశాడు. ఆయిల్ ఇంజనును నమ్మేవాడు ఈ భూమి మీద పుట్టి ఉండడని ఆయన ధైర్యం.

రాఘవన్ తొడ చరిచాడు. "అవును బావా! ఆ ఏడు ఎండాకాలంలో మారండహళ్ళిలో వాన పడింది! మా చిన్నాయన చేను ఆడే ఉండాది. ఇన్నేండ్లు అది యాడ నుంచి వచ్చిందో తెలియలేదు!"

కృష్ణప్ప తల పట్టుకున్నాడు. మూడుంబావు. మొరప్పూరు బస్సు వచ్చి స్టాండులో నిలబడింది. కండక్టరు దిగి పక్క కొట్లో వక్కాకు కొనుక్కుంటున్నాడు.

"అయ్యా, రాఘవా," అన్నాడు కృష్ణప్ప దాదాపు బతిమాలుతూ, "ఆఖరుకు చెప్తాను విను. ఒకసారి విమానమే రాలేదు. పార్టీ వచ్చేసింది, పన్నెండుమంది, హరూరులో ఏదో గృహప్రవేశం. సర్కారు కంపెనీ అయితే సారీ అని బోర్డు పెట్టి పోతారు. చార్టర్లో ఆ మాట కుదరదు. పన్నెండుమందినీ వరసగా ఒకరి వెనక ఒకర్ని కూర్చోబెట్టినాను, పంచెలు పైటలు ఒకదానికొకటి ముడేసినాను, నేను ముందర కూర్చున్నాను, గట్టిగా ఊపిరి పీల్చి పట్టండి అన్నాను. లేచినాము. విమానం లేదు, రెక్క లేదు, ఏమీ లేదు. హరూరులో దిగినాము. ఇట్లాంటి ఉద్యోగం చేస్తాదా నీ కూతురు? ఇప్పుడన్నా చెప్పు, ఇది జరిగే పనేనా?"

కృష్ణప్ప రాఘవన్ నోటి వైపే చూశాడు.

"అనుభవం," అన్నాడు రాఘవన్ కళ్ళు తుడుచుకుంటూ. "అంత అనుభవమున్నోడివి నువ్వుండగా నా బిడ్డ మద్రాసులో మూడు నూర్ల మంది వెనక నిలబడాల్నా? కాగితం తియ్యి బావా."

అప్పుడు కణ్ణగి పెట్టె కింద పెట్టి, బెంచీ ముందుకు వచ్చింది.

"మామా, ఒక్కటే అడుగుతాను. తొప్పూరు మీద ఎర్ర దీపం మీ కుడి చేతి పక్క ఉండిందా?"

"ఉండింది."

"మారండహళ్ళిలో?"

"ఆడా కుడి పక్కనే. ఇరవై రెండేండ్లు చూసినాను పాపా, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎర్రది కుడి, పచ్చది ఎడమ." తన మాటల్లో ఇదొక్కటైనా కల్పన కాదని ఆయనకు కాస్త ధీమాగా కూడా ఉంది.

"మీరు చూసింది నిజమే," అంది కణ్ణగి మెల్లగా. "కానీ లోపల సీట్లో కూర్చున్నోళ్ళకు ఎర్రది ఎడమ రెక్క మీద ఉంటాది మామా, పచ్చది కుడి రెక్క మీద. క్లబ్బులో మాకు మొదటి దినమే చెప్పినారు. ఎర్రది కుడి పక్క కనబడాలంటే విమానానికి ఎదురుగా, నేల మీద నిలబడి చూడాల. ముక్కు ఎత్తుకున్నదీ, కడుపు కింద చక్రాలు వేలాడినదీ అట్లనే కనబడతాది. ఎదురుగా నిలబడి విమానాన్ని దారి చూపించి నిలిపేవాళ్ళు ఉంటారు, చేతుల్లో బ్యాట్లు పట్టుకొని. మీ పని అదే కదా?"

తంగవేల్ టీ పొయ్యడం ఆపాడు. మునియమ్మాళ్ మాల ఒళ్ళో జారింది.

ఏడాదిగా భయపడుతున్న మాట అది. తీరా ఎదురుపడ్డాక, నెత్తిమీద మూట ఎవరో చెయ్యి వేసి దించినట్టయింది కృష్ణప్పకు. ఒళ్ళంతా తేలికపడింది. నవ్వు వచ్చేసింది కూడా.

"అదే పాపా. అదే నా పని. బతికించినావు తల్లీ!"

"అంటే?" అన్నాడు రాఘవన్.

"అంటే నేను పైలట్టును కాదు రాఘవా. విమానం ఎక్కింది కూడా లేదు."

"మరి ఆయిల్ ఇంజను?"

"అబద్ధం."

"వాన పడింది కదా బావా!"

"వాన దానంతట అదే పడింది."

రాఘవన్ ముఖం నల్లబడింది. "నా బిడ్డ బతుకుతో ఆడుకున్నావా? ఆ బస్సు పోయుంటే?"

"అందుకే కదా అంతంత అబద్ధాలు చెప్పినాను! ఒక్కటన్నా నమ్మకుండా లేచి పోతావేమో అని! నువ్వు మనిషివా ఇంకేమన్నానా, ఏది చెప్పినా మింగేస్తా ఉంటే నేనేం చేసేది?" కృష్ణప్ప గొంతు తగ్గింది. "తప్పు నాదే. నోటితో నిజం చెప్పేదానికి సిగ్గయింది. తిట్టు, పడతాను. తిట్టేది మాత్రం బస్సు పోయినాక తిట్టు."

"సరే, నిజం ఒకటి చెప్పండి మామా," అంది కణ్ణగి. "ఎదురుగా నిలబడి ఇరవై రెండేండ్లు చూసినారు. చార్టర్ మేలా, సర్కారు కంపెనీ మేలా?"

కృష్ణప్ప ఈసారి ఆలోచించి, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాడు. "చార్టర్ విమానం ఒకటి మా కండ్ల ముందర పదకొండు దినాలు గుడ్డ కప్పుకొని నిలిచింది పాపా. దాని పైలట్టు మంచి పిల్లోడు, పనిమంతుడు. దినామూ వచ్చి దాని నీడలో కూర్చొని, అన్నా ఈ దినం పార్టీ ఉందా అని నన్నడిగేవాడు. పార్టీ ఉంటే ఒకే దినం నాలుగూర్లు తిరిగేవాడు. అదీ బతుకే, తక్కువ చెప్పను. కానీ ఆ పిల్లోడు ఎవరిదో చిట్టీ మీద చేరినాడు, ఇంకొకరి చిట్టీ వచ్చిన దినం పెట్టె సర్దుకున్నాడు. సర్కారు పైలట్లకు నెల ముందరే గోడ మీద పేర్లు రాస్తారు, ఏ దినం ఏ విమానం అని. పరీక్ష రాసి వచ్చినోళ్ళ పేరు ఆ గోడ మీద నుంచి తుడిపినవాణ్ణి నేను చూడలేదు. నువ్వు సగం గట్టు ఎక్కేసినావు. పో."

రాఘవన్ తల వంచుకుని కూర్చున్నాడు. "నాకు భయం బావా," అన్నాడు చివరికి. "ఉద్యోగం రాకపోతే దాని ముఖం ఎట్ల చూసేదా అని భయం. అందుకే నీ చిట్టీ పట్టుకొని వేలాడినాను."

"రాకపోతే వచ్చి మళ్ళీ రాస్తాను నాయనా," అంది కణ్ణగి. "నన్ను పంపించకపోతేనే నా ముఖం చూడలేవు."

కండక్టరు విజిల్ వేశాడు. రాఘవన్ లేచి, పెట్టె తనే అందుకుని పరిగెత్తాడు. కృష్ణప్ప వెనకాల పరిగెత్తాడు. మునియమ్మాళ్ కట్టినంత మాల తుంచుకొచ్చి కిటికీలో నుంచి ఇచ్చింది. కణ్ణగి ఇప్పుడు నవ్వుతోంది. బస్సు మలుపు తిరిగేదాకా ముగ్గురూ చేతులు ఊపారు.

తిరిగి వచ్చి రాఘవన్ బెంచీ మీద కూర్చున్నాడు. పెద్ద గండం గడిచినట్టు నిట్టూర్చాడు. తంగవేల్ అడక్కుండానే రెండు టీలు తెచ్చి, "సారుకు స్ట్రాంగ్" అని పెట్టాడు. కెప్టెన్ అనే మాట రాలేదు. అది రానందుకు తనకు ఇంత హాయిగా ఉంటుందని కృష్ణప్ప అనుకోలేదు.

"ఇంతకీ ఆ బ్యాట్ల పనంటే ఏంది బావా?" అని రాఘవన్ అడిగాడు. "ఈసారి నిజం చెప్పు."

కృష్ణప్ప లేచి నిలబడ్డాడు. ఈ ఒక్కటి ఎక్కడా పెంచి చెప్పాల్సిన పని లేదు. "ఏమీ లేదు రాఘవా. నూటిరవై మందిని మోసుకొని బోయింగు వస్తాది, మన వీధంత ఉంటాది. లోపల భుజం మీద నాలుగు బంగారు గీతలేసుకున్న కెప్టెను. నేను ఒక్కణ్ణే ఎదురుగా నిలబడతాను. ఇట్ల ఊపితే వస్తాది, అట్ల ఊపితే పక్కకు తిరుగుతాది. రెండు చేతులు తలపైన అడ్డంగా ఇట్ల పెట్టినానంటే ఆడనే నిలిచిపోతాది."

రాఘవన్ ఆయన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, టీ గ్లాసు కింద పెట్టాడు.

"పో బావా. కోతలు కోసేదానికైనా ఒక అంతుండాల."